ఇద్దరిదీ ఒకే జవాబు

"దీని కాలికేటైనా అయితే నానేటి సేసుకోనమ్మా?"

వంటింటి గడప దగ్గర కత్తిపీట ముందేసుకుని బెండకాయలు తరుగుతున్న జోగమ్మ ఆ మాట పైకే అనేసింది. ఎవరితోనూ కాదు. ఎదురుగా ఉన్న గ్యాస్ బండతో అన్నట్టే అంది.

అప్పటికి మనవరాలి కాలికేమీ కాలేదు. చంద్రిక హాల్లో సోఫా మీంచి నేల మీదికి దూకుతూనే ఉంది. దూకినప్పుడల్లా కింది వాటా వాళ్ళు ఏమంటారోనని జోగమ్మకు మరో బెంగ.

"మళ్ళీ మొదలుపెట్టావా అమ్మా?" ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని గోడకు చేరగిలబడిన నీలిమ తల ఎత్తకుండానే అడిగింది.

"మొదలెట్టింది నాను కాదు. నిక్షేపంలాంటి పిల్లకి కాల్లు నేవని రాసినోడు మొదలెట్టేడు. తథాస్తు దేవతలు ఏ ఏళప్పుడు తిరుగుతారో ఎవులికి తెలుసు?"

  అలా రాశారన్నది నిజమే.

గాజువాకలో టాక్స్ లెక్కలు వేసే ఆఫీసు పెట్టుకున్న కోటి ఆ పని చేశాడు. ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసే అల్లుడు ఉమాశంకర్ లెక్కా, అచ్యుతాపురం మందుల కంపెనీ ల్యాబులో పనిచేసే నీలిమ లెక్కా ఏటేటా అతనే వేసేవాడు. ఇద్దరి లెక్కల్లోనూ, ఉన్న ఒక్కగానొక్క కూతురికి కాళ్ళు పనిచేయవని, ఆ బిడ్డను సాకే ఖర్చుకు పన్ను తగ్గించమని రాశాడు. తగ్గింది. కట్టిన పన్నులో చాలావరకు వెనక్కి కూడా వచ్చింది. అందులో తన వాటా తను తీసుకున్నాడు. ఆ పిల్ల దర్జాగా సోఫాల మీంచి దూకుతూనే ఉంది.

ఇప్పుడు ఇన్‌కమ్ టాక్స్ ఆఫీసు నుంచి మొగుడికొకటి, పెళ్ళానికొకటి నోటీసులు వచ్చాయి. ఆ బిడ్డ సర్టిఫికెట్టు ఏదీ, చూపించండి అని. తన పేరు మీద ఏం రాశారో నీలిమకు ఆ నోటీసు చదివాకే తెలిసింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఎవరూ కడుపు నిండా తినలేదు.

"అమ్మా నీలూ," జోగమ్మ గొంతు తగ్గించింది. "అల్లుడుగారు సెప్పినట్టు ఇద్దరూ ఒకే జవాబు పంపించీరాదేటి? ఆ కోటి సూసుకుంతానన్నాడు గదా."

"ఏమని పంపించమంటావ్? నా కూతురు నడవలేదనా?"

జోగమ్మ ఇంకో బెండకాయ తీసుకుంది. తరుగుతూనే మళ్ళీ అంది.

"అలగని కాదమ్మా. మొగుడో జవాబూ పెల్లాం ఇంకో జవాబూ ఇత్తే ఆలేటనుకుంతారు? ఈలిద్దరికీ తేడా ఒచ్చీసింది అనుకోరేటి?"

"వచ్చింది కదా."

నీలిమ చాలా మామూలుగా అంది ఆ మాట. చారులో ఉప్పు తక్కువైందన్నట్టు అంది. జోగమ్మ చేతిలో బెండకాయ సగం తెగి ఆగిపోయింది.

"విను. ఎక్కడో వేరే దేశాల్లో మొగుడూ పెళ్ళాలు కావాలంటే కలిపి ఒకటే లెక్క చూపించుకోవచ్చంట. లేదంటే ఎవరిది వాళ్ళు. మా ల్యాబులో హిమబిందు చెప్పింది. మన దగ్గర ఆ ఎంచుకోవడాలు లేవు. నా జీతం నాది, నా పన్ను నాది, కింద పేరు నాది. రేపు నన్ను పిలిచి అడిగితే నీ అల్లుడు పక్కన నిలబడి చెప్తానంటే ఒప్పుకోరు. నేనే చెప్పాలి."

"మరైతే ఏటి సేత్తావు?"

"తప్పు రాశారు, సరిచేసి కట్టేస్తానని నాది నేను పంపేస్తాను."

"నువ్వు తప్పని రాత్తే, అల్లుడుగారు రాసింది అబద్దమని తేలిపోదేటే? ఇద్దరిదీ ఒకే పిల్ల గదా!"

నీలిమ కళ్ళు మూసుకుంది. ఆమె ఈ వారమంతా తిరిగి తిరిగి వచ్చి ఆగుతున్నది అక్కడే.

జోగమ్మకైతే ఆగడం చేతకాదు. ఆమె మనసు అప్పటికే ముందుకు పరిగెత్తింది. అల్లుణ్ణి ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆపేశారు. వియ్యంకుడు భీమశంకరరావు గారు, అదే ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేసి పరువుగా రిటైరైన మనిషి, గుమ్మంలో నిలబడి "మీ అమ్మాయే మా వాడి ఉద్యోగం తీసింది" అంటున్నాడు. నీలిమ ఓ చేత్తో పెట్టె, ఓ చేత్తో పిల్లతో పుట్టింటికి, శృంగవరపుకోట బస్సెక్కుతోంది. ఆ బస్సు కూడా దారిలో ఎక్కడో బోల్తా పడింది.

"అప్పన్నా, నువ్వే దిక్కు తండ్రీ," అని సింహాచలం కొండ ఉన్న వైపు చేతులు జోడించింది. బెండకాయ జిగురు వేళ్ళకు సాగింది.

కింద మోటారు సైకిల్ ఆగిన చప్పుడైంది. పొద్దుటి షిఫ్టు దిగి అల్లుడు వచ్చాడు.

జోగమ్మ కొంగు భుజం చుట్టూ లాక్కుని వంటింటి తలుపు వెనక్కి వెళ్ళిపోయింది. పెళ్ళి నాటి నుంచీ అంతే. వాళ్ళ వైపు అత్త అల్లుడి ఎదట పడదు. అతనితో నేరుగా మాట్లాడదు. మనవరాలు పుట్టి మాటలు వచ్చేదాకా గోడలకు చెప్పేది, ఆ తరువాత చంద్రికతో చెప్పించేది. గోదావరి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఉమాశంకర్ వాళ్ళకు ఆ పద్ధతి లేదు. మొదట్లో నవ్వుకునేవాడు. "మా ఇంట్లో చంద్రికే టెలిఫోను," అని స్నేహితులతో అనేవాడు.

"సెంద్రీ," జోగమ్మ తలుపు వెనక నుంచి పిలిచింది. "మీ నాన్నని కాల్లు కడుక్కోమను. అన్నం ఒడ్డించేత్తన్నాను."

"అలాగే అమ్మమ్మా!"

జోగమ్మ తలుపు సందులోంచి చూసింది. చూసి, చేతిలో గరిటె జారవిడిచింది.

చంద్రిక తండ్రి దగ్గరికి నడుస్తోంది. ఎడమకాలు ఈడుస్తూ నడుస్తోంది. పాదం లోపలికి తిరిగిపోయి, మోకాలు వంగకుండా, ఒళ్ళంతా ఓ పక్కకు ఒరిగిపోయి. ఇప్పుడే కదా సోఫా మీంచి దూకింది!

"అమ్మో! నా తల్లి కాలు!"

అల్లుడు ఉన్నాడన్న ధ్యాస కూడా లేకుండా జోగమ్మ హాల్లోకి పరిగెత్తింది. పిల్లను ఎత్తుకొచ్చి వంటింట్లో పీట మీద కూర్చోబెట్టింది. తొడ నుంచి మడమ దాకా తడిమింది.

"ఎక్కడే నొప్పి? ఇక్కడా? ఇక్కడా? సెప్పవేటే తల్లీ!"

 చంద్రిక అమ్మమ్మ భుజం మీంచి తండ్రి వైపు చూస్తోంది.

నీలిమ లాప్‌టాప్ పక్కన పడేసి వచ్చింది. "దూకొద్దంటే విన్నావా? ఏదీ, కాలు మడిచి చూపించు."

"ఏం కాలేదులే. తిమ్మిరెక్కుంటుంది," అన్నాడు ఉమాశంకర్. హెల్మెట్ ఇంకా చేతిలోనే ఉంది.

"తిమ్మిరి కాదు, రాసిందే జరిగింది," జోగమ్మ గొల్లుమంది. గుప్పెడు ఉప్పూ, ఎండుమిరపకాయలూ తీసి పిల్ల చుట్టూ తిప్పింది. పొయ్యి మీద పడేసింది. కారం ఘాటుకు అందరికీ దగ్గొచ్చింది. "అప్పన్నబాబూ, నాది తీసుకో. ముసిల్దాన్ని, నా కాల్లు రెండూ తీసుకో. దానిది ఇచ్చీ."

"పదండి, హాస్పిటల్‌కి తీసుకెళ్దాం," నీలిమ చెప్పుల కోసం చూసింది.

"అక్కర్లేదు నీలూ."

"పిల్ల కుంటుతుంటే అక్కర్లేదంటారేంటి?"

"అక్కర్లేదంటున్నానుగా!"

గట్టిగా అరవలేదు ఉమాశంకర్. కానీ ఆ గొంతులో ఏదో ఉంది. నీలిమ గుమ్మంలోనే ఆగిపోయింది. అక్కర్లేదని అంత గట్టిగా ఎలా తెలుసు ఈయనకి?

అప్పుడే చంద్రిక చిన్నగా అడిగింది.

"నాన్నా, ఇంక మామూలుగా నడిచెయ్యనా?"

పొయ్యి మీద ఉప్పు చిటపటలాడుతోంది. 

పిల్ల పీట మీంచి లేచింది. తిన్నగా, నిదానంగా, రెండు కాళ్ళ మీదా నడుచుకుంటూ వెళ్ళి తల్లి చీర కుచ్చిళ్ళు పట్టుకుంది.

కాలు బాగుంది. జోగమ్మ అది కళ్ళారా చూసింది. అయినా భయం పోలేదు. ఇందాకటి భయానికి ఎటు మొక్కాలో ఆమెకు తెలుసు. ఈ భయానికి తెలియలేదు.

నీలిమ కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "అలా నడవమని ఎవరు చెప్పారమ్మా?"

"ఆట మమ్మీ. నాన్న బండి చప్పుడు వినపడితే నడవాలి. కోటి అంకుల్ వాళ్ళ ఆఫీసులో చక్రాల కుర్చీ ఉంది, భలే తిరుగుతుంది. అందులో కూచుంటే ఫొటో తీశారు. ఐస్‌క్రీం కొన్నారు."

"ఎప్పుడు?"

"నిన్న. నువ్వు డ్యూటీకి వెళ్ళావు కదా."

నిన్న పిల్లను బీచికి తీసుకెళ్తున్నానని చెప్పాడు అల్లుడు. జోగమ్మే పిల్లకు జడ వేసింది. కెరటాల దగ్గరికి వెళ్ళనివ్వొద్దని చంద్రికతోనే తండ్రికి చెప్పించింది. కొట్టుకుపోతుందేమోనని సాయంత్రం దాకా మెట్ల మీదే కూర్చుంది.

"నువ్వు అమ్మమ్మ దగ్గర కూర్చో తల్లీ." నీలిమ పిల్లను వంటింట్లోకి పంపి తలుపు దగ్గరగా వేసింది.

తలుపు పూర్తిగా పడలేదు. సందు ఉండనే ఉంది.

"ఏవండీ, ఇది మనుషులు చేసే పనేనా?"

"ఒక్కసారికే నీలూ. సర్టిఫికెట్టుకి ఫొటో కావాలన్నాడు. ఎవరైనా ఇంటికొచ్చి చూస్తే పిల్ల కంగారు పడకూడదని కాస్త నేర్పించమన్నాడు."

"ఎవరైనా వస్తే! అంటే వాళ్ళొచ్చి వెళ్ళేదాకా అది కుంటాలా? స్కూల్లో? వీధిలో? ఎన్నాళ్ళు?"

అతను హెల్మెట్ టీవీ స్టాండు మీద పెట్టాడు. మళ్ళీ తీసి కింద పెట్టాడు.

"నాది కూడా తప్పేనని రాసేద్దాం అంటావ్. నాకు మాత్రం తెలీదా అది తప్పని? డబ్బే అయితే నాన్నని అడిగైనా కట్టేద్దును. ఇది డబ్బు సంగతి కాదు."

"మరేంటి?"

"నా షిఫ్టు వాళ్ళందర్నీ కోటి దగ్గరికి తీసుకెళ్ళింది నేనే."

నీలిమ అతని వైపు పూర్తిగా తిరిగింది.

"మొదట వీర్రాజు అడిగాడు, మీకు అంత వెనక్కి ఎలా వచ్చింది బావా అని. తరవాత చలమయ్య గారు. ఆయన రిటైర్‌మెంట్ దగ్గర్లో ఉంది. ఒకరి వెనక ఒకరు. క్యాంటీన్లో టీ తాగుతూ నేనే నంబరిచ్చాను. భీమశంకరరావు గారబ్బాయి చెప్పాడంటే ఎవరూ రెండోసారి ఆలోచించలేదు. ఒకడికి లేని గుండె జబ్బు రాశాడు. ఒకడికి చచ్చిపోయిన తల్లికి వైద్యం రాశాడు. నేను తప్పు ఒప్పుకుంటే కోటిని లాగుతారు. కోటిని లాగితే వాళ్ళందరూ వస్తారు. పొద్దున్న లేస్తే ఆ మొహాలే చూడాలి నేను."

తలుపు వెనక జోగమ్మ అంతా వింది. అల్లుడి మీద కోపం రావలసిన చోట జాలి వచ్చింది. ఆ జాలి చూసి మళ్ళీ భయం వేసింది. ఇంత భయం పెట్టుకున్న మనిషి ఏ పనికైనా తెగిస్తాడు. ఆమెకు తెలుసు.

"మీ షిఫ్టు వాళ్ళ మొహాలు చూడలేక," నీలిమ ఒక్కొక్క మాటే ఏరుకుంటున్నట్టు అంది, "కూతురి కాలు వంకర తిప్పారు."

"నీలూ..."

"నాకు మీతో దెబ్బలాడే ఓపిక లేదు. మీరేం రాసుకుంటారో మీ ఇష్టం. నాది నేను విడిగా పంపిస్తున్నాను. కోటి పాస్‌వర్డ్ మార్చేసినట్టున్నాడు. కొత్తది పెట్టుకోవాలంటే ఓటీపీ అడుగుతోంది. అది మీ ఫోనుకే వస్తుంది. చెప్పండి."

పెళ్ళైన కొత్తలో నీలిమ ఆ నంబరే రాయించింది. ల్యాబు లోపలికి ఫోను తీసుకెళ్ళనివ్వరు, గేటు దగ్గర లాకరులో పెట్టి వెళ్ళాలి, ఓటీపీ వస్తే చూసే దిక్కుండదు, మీ నంబరే ఇచ్చేయండి అంది. అప్పుడది సుఖంగా అనిపించింది. తన పని ఇంకొకరు చూసుకుంటున్నారన్న సుఖం.

ఉమాశంకర్ జేబులోంచి ఫోను తీయలేదు.

దానంతట అదే మోగింది.

అతను తీసి చూసి, ఆపబోయాడు. నీలిమ అతని చేతిలోంచి లాక్కుని లౌడ్‌స్పీకర్ నొక్కింది.

"బావా! సెల్లెమ్మకి సెప్పీసేవా? ఇప్పుడే సెప్పీడం మంచిది బావా, తరవాత..."

"ఏం చెప్పాలి కోటి గారూ?"

అవతల గొంతు మారింది.

"ఓ, సెల్లెమ్మా! బాగున్నారా? ఏటీ నేదమ్మా. మొగుడూ పెల్లాం ఒకే మాట మీద ఉండాల, అంతే. బావని తరవాత సెయ్యమనండి."

ఫోను ఆగిపోయింది. ఉమాశంకర్ దాన్ని వెనక్కి లాక్కుని జేబులో పెట్టుకున్నాడు.

"ఏం చెప్పమంటున్నాడు?"

ఉమాశంకర్ సోఫాలో కూలబడ్డాడు. యూనిఫారం చొక్కా చెమటకు వీపుకు అతుక్కుపోయి ఉంది.

"మిమ్మల్నే. నాకేం చెప్పాలి?"



నీలిమ గోడకు జారబడి కూర్చుంది. అడగడం కూడా మానేసింది. ఆమె అడిగినంతసేపూ జోగమ్మకు కాస్త ధైర్యంగానే ఉంది. దెబ్బలాడుకునే మొగుడూ పెళ్ళాలు ఎక్కడికీ పోరు. ఇద్దరూ నోళ్ళు మూసుకుంటేనే ఇల్లు చల్లబడిపోతుంది.

ఎవరైనా ఏదైనా అనాలి. ఎవరనాలి?

"అమ్మమ్మా," చంద్రిక ఆమె చెయ్యి లాగింది. గుసగుసగా అడిగింది. "నాన్నకి ఏం చెప్పాలి?"

పిల్ల అప్పటికే సిద్ధంగా లేచి నిలబడింది. ఏదైనా చెప్తే మోసుకెళ్ళడానికి. ఎప్పుడూ చేసే పనే.

జోగమ్మ నోరు తెరిచింది. మీ నాన్నని ఆ నంబరు సెప్పీమను, అనబోయింది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. పిల్ల కాళ్ళ వైపు చూసింది. ఆ కాళ్ళ మీద తండ్రి ఒకటి మోయించాడు. ఇప్పుడు తను ఇంకోటి మోయించబోతోంది.

"ఏటీ వొద్దు. నువ్విక్కడే కూకో."

తలుపు తీసింది. కొంగు సర్దుకుంది. గడప దాటింది. నీలిమ తల ఎత్తి తల్లిని చూసి విస్తుపోయింది.

జోగమ్మ అల్లుడికి ఎదురుగా వెళ్ళి నిలబడింది. అతని మొహం అంత దగ్గరగా ఆమె ఎప్పుడూ చూడలేదు. గడ్డం కింద చిన్న మచ్చ ఉంది. కళ్ళ కింద నల్లగా ఉంది. నిద్ర లేని మొహం.

"బాబూ," అంది.

ఉమాశంకర్ ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు.

"నాను సదూకున్నదాన్ని కాను. తప్పుగా మాటాడితే మన్నించీండి. మీరిద్దరూ ఒకే జవాబు పంపాలనే ఇందాకటి దాకా నా కూతుర్ని పోరుపెట్టేను. దానికి తెలుసు, అడగండి. ఏరేరుగా పంపితే కాపురం ఇరిగిపోద్దని నా బయం. ఇప్పుడు కూడా నాకు అదే బయం. ఒల్లంతా ఒణికిపోతంది, సూడండి."

చేతులు చాపి చూపించింది. నిజంగానే వణుకుతున్నాయి.

"కానీ బాబూ, దాని కాలు... ఆట అన్నారు. పసిపిల్ల. రోజూ అలగే నడిత్తే, రేపు మరిచిపోయి అలగే నడిచీత్తే? ఏరేరుగానే పంపించుకోండి. ఎవులేటన్నా నాను పడతాను. మీ నాన్నగారు అంటే ఆరి కాల్లు ఒట్టుకుంతాను. దానికి ఆ నంబరు సెప్పీండి బాబూ. ఒక్కసారి సెప్పీండి."

ఉమాశంకర్ ఆమె వైపు చూశాడు. నీలిమ వైపు చూశాడు. నేల వైపు చూశాడు.

పొయ్యి మీద మాడిన మిరపకాయల వాసన ఇంకా పోలేదు. కింది వాటాలో ఎవరో బట్టలు ఉతుకుతున్నారు. ఫ్యాక్టరీ వైపు నుంచి గూడ్సు బండి కూత వేసింది. అది కూర్మన్నపాలెం దాటి, దూరమై, వినపడకుండా పోయింది. 

జోగమ్మ కదల్లేదు. వెనక్కి వెళ్ళడానికి ఇంక తలుపు లేనట్టు నిలబడింది.

చివరికి అతను ఫోను తీసి రెండు చేతులతో ఆమె ముందుకు చాపాడు. ఆమెకు అది చూడటం రాదని తెలిసి కూడా.

"నంబరు చెప్పినా లాభం లేదు అత్తయ్యగారూ," అన్నాడు.  "నీలిమ పేరు మీద జవాబు నిన్నే వెళ్ళిపోయింది. ఆ ఫొటో పెట్టి... నాదాంతో కలిపి నేనే పంపించేశాను."